ఊరెళ్ళిన గీత

కొండ కింద ఒక ఊళ్ళో ఒక పాక ఉండేది. పాకలో ఒక పెద్ద మగ్గం ఉండేది. ఆ మగ్గం మీద తివాచీలు నేసేవాళ్ళు.

ఆ మగ్గం గోడలా నిటారుగా నిలబడి ఉండేది. పైనుంచి కిందికి తెల్లటి పడుగు దారాలు వానధారల్లా దిగేవి. ముందు ఒక పొడుగాటి బల్ల. నేతగాళ్ళంతా బల్ల మీద భుజానికి భుజం తగిలేట్టు కూర్చునేవాళ్ళు. ఎవరి వెడల్పు వాళ్ళది. తన ముందున్న దారాలకు ఊలు ముడి వేయడం, చిన్న కత్తితో తెంపడం, మళ్ళీ ముడి వేయడం. వెనకాల ఒక ముసలాయన కర్ర ఆనించుకుని నిలబడి రంగులు చెప్పేవాడు. "ఎరుపు రెండూ, పసుపు ఒకటీ, నీలం మూడూ" అని పాడినట్టు చెబితే, వేళ్ళు ఆ పాట వెంట నడిచేవి. పువ్వు ఎక్కడ విచ్చుకోవాలో, ఆకు ఎక్కడ వంగాలో అంతా ఆయన నోట్లోనే ఉండేది.

బల్ల నడిమధ్యన ఒకావిడ కూర్చునేది. అందరూ ఆవిడను నడిమి ఆవిడ అనేవాళ్ళు. ఆవిడకు ఒక పక్క పొడుం ఆవిడ. ముక్కుపొడుం పీల్చి ఆవిడ తుమ్మిందంటే మగ్గం మీది దారాలన్నీ ఒకసారి వణికేవి. ఇంకో పక్క జాతరల మనిషి. చుట్టుపక్కల ఎక్కడ డప్పు మోగినా అతని కాళ్ళు బల్ల కింద నిలిచేవి కావు. పొడుం ఆవిడకు అవతల ఒక పసిబిడ్డ తల్లి. అటూ ఇటూ ఇంకొందరు.

పాత యజమాని ఉన్నన్నాళ్ళూ ఒక పద్ధతి ఉండేది. ఉగాదికి ప్రతి నేతగాడికీ గుప్పెడు ఎర్ర ఊలు పోగులు ఇచ్చేవాడు. ఊరెళ్ళాలంటే అందులోంచి ఒక పోగు తీసి, తన ముందున్న పడుగుకు కట్టి, లేచి వెళ్ళిపోవడమే. పోగుకు ఒక రోజు. కూలి కోసేవాడు కాదు. ఎర్ర పోగు కట్టిన చోటును ఇంకెవరూ ముట్టుకునేవాళ్ళు కాదు. పక్కవాళ్ళ నేత పైకి లేస్తూ ఉంటే, ఆ ఒక్క చోటు దున్నకుండా వదిలేసిన మడిలా పల్లంగా ఉండిపోయేది. మనిషి తిరిగొచ్చి తన పల్లం తనే నింపుకోవాలి.

అలా నింపిన చోట, పాత నేతా కొత్త నేతా కలిసే దగ్గర, ఒక ఏటవాలు గీత పడేది. ముందునుంచి చూస్తే కనబడదు. తివాచీని తిరగేస్తే కనబడుతుంది. దాన్ని వాళ్ళు ఊరెళ్ళిన గీత అనేవాళ్ళు. తివాచీ పూర్తయిన రోజున ముసలాయన దాన్ని తిరగేసి వేలితో చూపించేవాడు.

"ఇదిగో, ఇది నీ మేనమామ పెళ్ళి. ఇది నీ పంటి నొప్పి. మరి ఇంత పొడుగు గీత ఎవరిదర్రా? ఓహో, జాతరల మనిషిది."

అందరూ నవ్వేవాళ్ళు. కొనుక్కునేవాళ్ళు కూడా ఆ గీతలు చూసే కొనేవాళ్ళు. గీత ఉంటే అది మనుషులు నేసిందని వాళ్ళకో నమ్మకం.

అలాగని ఆ పద్ధతి అంతా బంగారమేమీ కాదు. ఉగాది దగ్గర పడేసరికి కొందరికి పోగులు మిగిలిపోయేవి. వృథా అయిపోతాయేమోనని, పనేమీ లేకపోయినా వెళ్ళి చుట్టాలింట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చునేవాళ్ళు. కొందరికి ముందే అయిపోయేవి. పొడుం ఆవిడకు ఒక ఏడు అలాగే అయిపోయాయి. ఆ తరవాత ఆవిడ మొగుడు మంచం పట్టాడు. కూలి పోతే ఇంట్లో పొయ్యి వెలగదు కాబట్టి ఆవిడ బల్ల మీద ముడులు వేస్తూనే ఉంది. ఆయన పోయిన కబురు కూడా బల్ల దగ్గరికే వచ్చింది.

"జబ్బుకేం తెలుసే, నా గుప్పిట్లో పోగులు లేవని" అని ఆవిడ అప్పుడప్పుడూ అనేది. అని, ఒక పట్టు పొడుం పీల్చేది.

పాత యజమాని పోయాక ఆయన మేనల్లుడు యజమాని అయ్యాడు. వయసులో చిన్నవాడు. మంచివాడు. ఈ మాట ముందే చెప్పుకోవాలి. అతను నిజంగానే మంచివాడు.

అతను వచ్చిన మొదటి ఉగాదికి అందరూ గుప్పిళ్ళు చాపి నిలబడ్డారు. అతను ఆ చేతుల వంక చూసి నొచ్చుకున్నాడు.

"మీరేమన్నా చిన్నపిల్లలా? పప్పుబిళ్ళలు పంచినట్టు మీ రోజులు మీకు నేను పంచడమేమిటి?" అన్నాడు. "ఇవాళ్టి నుంచి పోగులు లేవు. ఎప్పుడు వెళ్ళాలనిపిస్తే అప్పుడు వెళ్ళండి. ఎన్నాళ్ళు ఉండాలనిపిస్తే అన్నాళ్ళు ఉండండి. కూలి ఎప్పటిలాగే వస్తుంది. నన్ను అడగనక్కర్లేదు."

పొడుం ఆవిడ అక్కడే కూలబడి ఏడ్చింది. జాతరల మనిషి యజమానిని ఎత్తుకుని గిరగిరా తిప్పాడు. అంత మంచి మాట అన్న యజమానిని ఆ ఊళ్ళో అంతకు ముందు ఎవరూ చూడలేదు. మిగిలిపోయిన ఎర్ర ఊలంతా బుట్టలో పడేశారు. అది మెల్లిగా తివాచీలో పువ్వుల్లోకి వెళ్ళిపోయింది.

ఆ ఏడు వానల్లో పసిబిడ్డకు చలిజ్వరం పట్టుకుంది. తల్లి వానలు వెనకబట్టేదాకా బల్ల దగ్గరికి రాలేదు. వారం వారం కూలి ఇంటికే వెళ్ళింది. బిడ్డ బతికింది. పాత రోజుల్లో అయితే ఆ గుప్పెడు పోగులు ఏ మూలకీ వచ్చేవి కావు. అది కూడా చెప్పుకోవలసిన మాటే.

జాతరల మనిషి ఆ ఏడు కళ్ళారా జాతరలు చూశాడు. కొండెక్కాడు, ఏరు దాటాడు. వచ్చేటప్పుడు అందరికీ జీళ్ళు తెచ్చాడు.

అంతా బాగానే ఉంది. ఒకటే మారింది. అదెప్పుడు మారిందో ఎవరూ చూడలేదు. ఇదివరకు మనిషి లేచి వెళ్తే ఎర్ర పోగు ఆ చోటుకు కాపలా ఉండేది. ఇప్పుడు పోగు లేదు. ఖాళీ చోటు ఖాళీగా ఉంది, అంతే. ముసలాయన వరస చెప్పుకుంటూ పోతుంటే ఆ ఖాళీ దగ్గర పాట తెగేది. తెగకూడదని పక్కవాళ్ళిద్దరూ చేతులు చాపి ఆ చోటు కూడా నేసేశారు. నెయ్యమని యజమాని చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు. వదిలెయ్యమని కూడా ఎవరూ చెప్పలేదు మరి.

అలా నేసిన తివాచీ ముందుగానే పూర్తయింది. దాన్ని చూసుకుని తరవాతి తివాచీకి గడువు పెట్టారు.

జాతరల మనిషి వెళ్ళినప్పుడల్లా అతని చోటులో సగం నడిమి ఆవిడ మీద పడేది. సాయంత్రానికి వేళ్ళు వంగేవి కావు. అన్నం ముద్ద కూడా సరిగా నిలిచేది కాదు. ఆవిడ చెడ్డది కాదు. కానీ నోరు ఊరుకోదు. అతను జీళ్ళ పొట్లంతో వచ్చి కూర్చోగానే అనేది:

"వచ్చావా నాయనా! తిరిగి తిరిగి కాళ్ళు నొప్పి పుట్టలేదు కదా? నువ్వేం దిగులు పెట్టుకోకు. నీ పువ్వులు నా చేతుల మీద బాగానే పూశాయిలే."

బల్ల అంతా గొల్లున నవ్వేది. అతనూ నవ్వేవాడు. జీడి తీసి ఆవిడకే ముందు పెట్టేవాడు.

పసిబిడ్డ తల్లి తిరిగి వచ్చిన రోజున కూడా ఆవిడ ఒక మాట అంది. "బిడ్డకు తగ్గిందా తల్లీ? పోన్లే, చల్లని మాట. మా వేళ్ళకే ఇంకా తగ్గలేదు." మళ్ళీ అందరూ నవ్వారు. తల్లి తల వంచుకుని ముడి వేసుకుంది.

ఆవిడ ఆ మాటలు అన్నది, మరిచిపోయింది. విన్నవాళ్ళు మరిచిపోలేదు.

తరవాతి ఏడు జాతరల మనిషి ఒక్క జాతరకే వెళ్ళాడు. మాపటికల్లా తిరిగొచ్చాడు. ఆ పై ఏడు కొండ మీద డప్పులు మోగుతుంటే బల్ల మీదే కూర్చుని, మోకాలి మీద వేళ్ళతో దరువేసుకున్నాడు. పసిబిడ్డ తల్లి, బిడ్డకు ఒళ్ళు వెచ్చబడ్డా అత్తగారికి అప్పగించి వచ్చేది. పొడుం ఆవిడకు భుజం పట్టేసింది. ఒకరోజు ఇంట్లో పడుకుని కాపడం పెట్టుకోవే అని నడిమి ఆవిడ అంటే, "నా చోటు నీ మీద పడుతుంది కదే" అనేది.

అలా మెల్లిగా అందరూ మానేశారు. వెళ్ళొద్దన్నవాళ్ళు లేరు. పాక తలుపు తీసే ఉంది. వెళ్ళేవాళ్ళే లేరు.

యజమాని రోజూ వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. బల్ల నిండుగా ఉండటం చూసి సంతోషించేవాడు. 'వీళ్ళకు పనంటే ఎంత ఇష్టమో' అనుకునేవాడు. వాళ్ళంతా ఉన్నప్పుడు తను వెళ్తే ఏం బాగుంటుందని తనూ ఎక్కడికీ వెళ్ళేవాడు కాదు. అతను అక్కడే కూర్చుని ఉండటం చూసి వీళ్ళు లేచేవాళ్ళు కాదు.

చలికాలం మొదట్లో గాజుల మనిషి వచ్చాడు. ఊళ్ళన్నీ తిరిగి గాజులమ్ముకుంటూ కబుర్లు మోసే మనిషి. నేరుగా నడిమి ఆవిడ వెనకాలకొచ్చి నిలబడ్డాడు.

"వదినా, కొండ అవతలి ఊళ్ళో మీ చెల్లెలు కబురు పెట్టింది. కళ్ళు మసకలు కమ్ముతున్నాయట. ఇప్పటికింకా మనుషుల్ని ఆనవాలు పడుతోంది. వైద్యుడు మాత్రం ఇక నిలవవన్నాడట. చూపు పూర్తిగా పోకముందు నీ ముఖం ఒకసారి చూసుకోవాలంటోంది."

నడిమి ఆవిడ చేతిలో కత్తి ఆగిపోయింది. ఆ చెల్లెల్ని ఆవిడే పెంచింది. తల్లి పోయేనాటికి అది చంకలో పిల్ల. ఆవిడ చంకలోనే పెరిగి, ఆవిడ చేతుల మీదే పెళ్ళయి, కొండ దాటి వెళ్ళింది. పొద్దున బయలుదేరితే పొద్దు గుంకేలోపల చేరే దూరం.

ఆవిడ లేచి అరుగు దగ్గరికి వెళ్ళింది.

"బాబూ, మా చెల్లెలికి చూపు పోతోంది. చూడ్డానికి వెళ్ళాలి."

"అయ్యో! నన్నడగడమేమిటమ్మా? వెళ్ళండి."

"ఎన్నాళ్ళకు వెళ్ళను బాబూ?"

"మీ ఇష్టం."

"మూడు రోజులుంటే..."

"మీ ఇష్టం."

ఆవిడ అతని ముఖం వంకే చూస్తూ, "పది రోజులుంటేనో?" అంది.

"మీ ఇష్టమేనమ్మా!"

మూడన్నప్పుడూ పదన్నప్పుడూ ముఖం ఒక్కలాగే ఉంది. నొసలు ముడిపడలేదు. నవ్వు తగ్గలేదు. ఏది ఎక్కువో ఏది తక్కువో ఆ ముఖంలో దొరకలేదు. మూడు రోజులుండి రా అని ఒక్కసారి కసిరినా బాగుండునని ఆవిడకు అనిపించింది. అలా ఎందుకనిపించిందో ఆవిడకే వింత వేసింది.

వెనక్కి వచ్చి పొడుం ఆవిడను అడిగింది.

"వెళ్ళవే తల్లీ, ఎందుకు వెళ్ళవు? నీ చోటు నేను చూసుకోనూ?" అంది పొడుం ఆవిడ. అంటూనే చెయ్యి దానంతటదే భుజం మీదికి వెళ్ళింది, నొక్కుకోవడానికి.

జాతరల మనిషి అడక్కముందే అన్నాడు. "వెళ్ళిరా అక్కా. నీ పువ్వులు నా చేతుల మీద పూస్తాయిలే."

నవ్వుతూనే అన్నాడు. బల్ల మీద మాత్రం ఎవరూ నవ్వలేదు. ఆవిడకు చెవులు వేడెక్కాయి. కూర్చుంది. కత్తి తీసుకుంది.

"ఈ పువ్వు పూర్తవగానే వస్తున్నానని చెప్పు" అంది గాజుల మనిషితో.

పువ్వు పూర్తయింది. పువ్వు పక్కన ఆకు మొదలైంది. ఆకు సగంలో వదిలేస్తే వంపు తెలియక పక్కవాళ్ళు తికమకపడతారు. ఆకు పూర్తయ్యేసరికి పొడుం ఆవిడకు భుజం మరీ ఎక్కువైంది. అది కాస్త సర్దుకునేసరికి ఇంకో పువ్వు మొదలైంది. వెళ్ళకపోవడానికి రోజూ ఏదో ఒకటి దొరికేది. వెళ్ళడానికి రోజంతా ఎదురుగానే ఉండేది. ఇవాళ కాకపోతే రేపు. రేపటికి ఎవరూ అడ్డం లేరు కదా.

గాజుల మనిషి రెండోసారి వచ్చాడు. "మీ చెల్లెలికి ఇప్పుడు ముఖాలు ఆనడం లేదట. మనిషి నీడ తెలుస్తోందట. దగ్గరికొస్తే, ఎండలో నిలబెడితే, కాస్త పోల్చుకోగలనంటోంది. ఇంకోటి అడగమంది. మా అక్క నేసే పువ్వు ఏ రంగుది అని."

"ఎరుపు" అంది నడిమి ఆవిడ. "అంచుకు పసుపు. చెప్పు, ఈ కుచ్చు అయిపోగానే వచ్చేస్తున్నాను."

అతను మూడోసారి వచ్చేసరికి ఎండలు ముదిరాయి. ఆ రోజు ఎవరెవరికో గాజులు తొడిగాడు, బేరాలాడాడు, నీళ్ళు అడిగి తాగాడు. ఆవిడ దగ్గరికి మాత్రం రాలేదు. ఆవిడే పిలిచింది.

"మా చెల్లెలు ఏమంది?"

"ఏమీ అనలేదు వదినా. అరుగు మీద కూర్చునుంది. నేనింకా వీధి మలుపులో ఉండగానే, గాజుల చప్పుడు విని, వచ్చావా అన్నా అంది."

"నా గురించి అడగలేదూ?"

"లేదు వదినా. ఈసారి అడగలేదు."

అతను గాజుల మలారం భుజానికెత్తుకుని వెళ్ళిపోయాడు. ఆవిడ ముడి వేసింది. తప్పు రంగు పడింది. విప్పి మళ్ళీ వేసింది. మళ్ళీ తప్పు రంగే పడింది.

అదే రోజు తివాచీ పూర్తయింది. పడుగు కోసి నేల మీద పరిచారు. యజమాని వచ్చి చుట్టూ తిరిగి చూసి, చాలా బాగుందన్నాడు. ముసలాయన అలవాటు కొద్దీ ఒక కొస పట్టుకుని, జాతరల మనిషిని ఇంకో కొస పట్టమని, తిరగేశాడు.

వంగి చూశాడు. కర్ర పక్కన పెట్టి మోకాళ్ళ మీద కూర్చుని చూశాడు. అరచేత్తో ఈ చివరినుంచి ఆ చివరికి నిమిరాడు.

"ఏమిటి తాతా వెతుకుతున్నావు?" అన్నాడు జాతరల మనిషి.

"గీతలు రా. ఒక్కటీ లేదు." ముసలాయన తలెత్తి అందరి ముఖాలూ చూశాడు. "ఇన్నాళ్ళు నేశాం కదా దీన్ని. ఇన్నాళ్ళలో మనవాళ్ళలో ఎవరూ పుట్టలేదా? పోలేదా? ఎవరికీ జ్వరం రాలేదా? ఎవరికీ ఎవరినీ చూడాలనిపించలేదా?"

యజమాని కూడా వంగి చూశాడు. వెనకవైపు అంత నున్నగా రావడం మంచిదనే అతను అప్పటిదాకా అనుకున్నాడు. ఇప్పుడేమనుకోవాలో తెలియక నిలబడ్డాడు.

నడిమి ఆవిడ తన చోటు ఎక్కడుందా అని చూసింది. ఎక్కడ తను ఆగి పక్కవాళ్ళు మొదలయ్యారో కూడా తెలియకుండా ఉంది. ఆవిడ లేచి నిలబడింది.

"నేను నాలుగు రోజులు ఊరెళ్తున్నాను" అంది.

నాలుగు ఎందుకో ఆవిడకు తెలియదు. నోట్లోంచి అదే వచ్చింది. ఎవరైనా ఏమైనా అంటారేమోనని కాసేపు ఆగింది.

"నాలుగే కదా!" అంది పొడుం ఆవిడ. ఆవిడ గొంతు తేలికపడింది. "నాలుగు రోజులకు నా భుజం ఓర్చుకోలేదూ? నేనింకా ఎన్నాళ్ళో ఏమోనని హడలి చచ్చాను. ముందే చెప్పొచ్చు కదే ఆ మాట!"

"నువ్వొచ్చాక నాకు రెండు అక్కా" అన్నాడు జాతరల మనిషి. "కొండ మీద జాతర ఉంది."

"రెండెందుకురా, మూడు వెళ్ళు. నీ పువ్వులు నేను..." అనబోయి నడిమి ఆవిడ ఆగిపోయింది. "నీ చోటు అలాగే ఉంచుతాంలే. వచ్చి నువ్వే నింపుకో."

అతను ఆవిడ వంక చూశాడు. మోకాలి మీద చిన్నగా దరువేశాడు.

బల్ల మీద అందరికీ మాటలొచ్చాయి. ఒకరు అయిదన్నారు, ఒకరు ఒకటన్నారు. పసిబిడ్డ తల్లి మాత్రం నోరు విప్పలేదు. పొడుం ఆవిడ మోచేత్తో పొడిచి, "నీకెన్ని?" అంది.

"నాకు లెక్క తెలియదత్తా" అంది ఆ పిల్ల. "బిడ్డకు జ్వరం మళ్ళీ ఎప్పుడొస్తుందో. వస్తే ఎన్నాళ్ళుంటుందో."

వాళ్ళు అప్పుడే కట్టుకున్న లెక్కలో ఆ పిల్ల ఇమడటం లేదు. పొడుం ఆవిడ డబ్బీ తీసి, పొడుం పీల్చకుండానే మళ్ళీ మూసింది.

"నీకు లెక్క వద్దులే" అంది చివరికి. "వచ్చినప్పుడు వెళ్ళు. తగ్గినప్పుడు రా. అప్పుడు ఎవరైనా వేళ్ళు నొప్పి అన్నారంటే నాతో చెప్పు."

ఆ మాట ఎవరికి తగలాలో వాళ్ళకే తగిలింది. నడిమి ఆవిడ తల ఊపింది.

మర్నాడు పొద్దున్నే మూట చంకన పెట్టుకుని ఆవిడ పాక ముందు నుంచే బయలుదేరింది. యజమాని అప్పటికే అరుగు మీద ఉన్నాడు. ఆవిడతో పాటు నాలుగడుగులు నడిచాడు. ఏదో అడగాలనుకుంటున్నాడు. రాయిని కాలితో తన్నాడు. చెట్టు వంక చూశాడు.

"అమ్మా" అన్నాడు. "నాకూ మా అక్కగారింటికి వెళ్ళాలని ఉంది. చాలా ఏళ్ళయింది. మరి, నేనెవర్ని అడగాలి?"

మీ ఇష్టం బాబూ అని ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"రెండు రోజులుండి రండి" అంది.

అతని ముఖం బడి వదిలిన పిల్లాడి ముఖంలా అయింది. "రెండు రోజులు" అని తనలో తను అనుకుంటూ వెనక్కి పరిగెత్తాడు.

ఆవిడ కొండెక్కింది, దిగింది. అవతలి వాగులో ముఖం కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, మళ్ళీ నడిచింది. దారంతా ఒకటే ధ్యాస. ఎండలో నిలబెడితే పోల్చుకోగలనంది కదా. పొద్దు గుంకకముందే చేరాలి. ఎండ ఉండగానే దాని ముందు నిలబడాలి. నడక పరుగైంది.

చేరేసరికి ఎండ ఇంకా ఇంటి చూరు మీద ఉంది. చెల్లెలు అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. అడుగుల చప్పుడు విని చేతులు ఆపింది.

"అక్కా?" అంది.

"ఆ, నేనేనే."

చెల్లెలి ముఖమంతా విచ్చుకుంది. చెయ్యి చాపి, ఆవిడ చెయ్యి దొరకబుచ్చుకుని, వేళ్ళు ఒక్కొక్కటే తడిమింది. "ఎంత గరుకెక్కాయే నీ వేళ్ళు! ఎన్నాళ్ళుంటావు?"

"నాలుగు రోజులు."

"నాలుగు రోజులే! బోలెడు. ముందు కాళ్ళు కడుక్కో. అన్నం ఉంది, ముద్దపప్పు చేశాను, తిను. కబుర్లు తరవాత."

"అన్నం సంగతి తరవాత. ముందు నన్ను చూడు."

"చూడకేం చేస్తాను? నాలుగు రోజులున్నాయిగా. నీ ముఖం ఎక్కడికి పోతుందే? రేపు పొద్దున తీరిగ్గా చూస్తాను."

"రేపొద్దు" అంది అక్క. తన గొంతు అంత పెద్దగా రావడం చూసి తనే ఉలిక్కిపడింది. "ఇప్పుడే చూడు. ఇదిగో, ఎండ ఉంది."

ఆవిడ చెల్లెల్ని రెండు చేతులా పట్టి లేపి, వాకిట్లో ఎండ పడే చోటికి తీసుకొచ్చింది. తను ఎదురుగా నిలబడింది. కొంగు సర్దుకుంది. కదిలితే ఎక్కడ చెదిరిపోతుందో అన్నట్టు ఊపిరి బిగబట్టి నిలబడింది.

చెల్లెలు తలెత్తి చూసింది. చాలాసేపు చూసింది. పెదవుల మీద నవ్వు అలాగే ఉంది.

"ఏమీ మారలేదక్కా నువ్వు" అంది. "అదే ముఖం. బొట్టు మాత్రం ఎప్పటిలాగే వంకరగా పెట్టుకున్నావు."

వాగులో కడుక్కున్నప్పుడే బొట్టు పోయింది. నుదురు ఖాళీగా ఉంది.

అక్క చెయ్యెత్తి, వేలి కొసతో, లేని బొట్టును మెల్లిగా సరిచేసుకుంది.

"ఇప్పుడు సరిగ్గా ఉందా?" అంది.

"ఆ" అంది చెల్లెలు. "ఇప్పుడు బాగుంది."